రెండో నంబరు

మా నరసాపురానికి వాలు లేదండి.
గోదారే ఇక్కడికొచ్చేసరికి అలిసిపోయి
పడుకున్నట్టు పారుతుంది.
ఇంక వంటింటి నీళ్ళెంత, స్నానాల గది నీళ్ళెంత?
వాటంతటవి ఎక్కడికీ పోవు.
ఎత్తాలి. ఎత్తి పంపాలి.
ఆ ఎత్తే పని నాది, పదిహేడేళ్ళుగా.

ఆశ్వయుజంలో ముసురు పట్టిన నాడు
బావి దిగడం మానేసింది.
ఒకటో నంబరు పంపు పొద్దుటనగా మొదలెట్టి తిరుగుతూనే ఉంది,
మట్టం మాత్రం గోడ మీది ఎర్రగీత దగ్గరే
మంకుపట్టు పట్టిన పిల్లాడిలా కూర్చుంది.
రైసుమిల్లు వీధిలో మూతలు లేచి
నలుపు వాకిళ్ళలోకొచ్చింది.
ఫోన్లో తిట్లు.
తిట్లలో నాకు కొత్తవేం లేవు.

"పంపు ముసలిదైపోయింది, మార్చెయ్యండి"
అన్నాడు కాంట్రాక్టరు. కొటేషను జేబులోనే ఉంది.
"గుడ్డలు చుట్టుకున్నాయేమో"
అన్నాడు జోజిబాబు, అప్పుడే స్పానరు తీస్తూ.
కొత్త ఇంజినీరమ్మ హైమ గారు ఏమీ అనలేదు,
మీటరు చూశారు.
నేనూ చూశాను.

ఆంపియర్లు ఇరవై రెండుండాలి, ఇరవై ఆరున్నాయి.
గేజీ ముల్లు సగానికి జారింది.
ఎక్కువ తింటోంది, తక్కువ నెడుతోంది.
అంటే నీళ్ళకి సుళువు దారేదో దొరికింది.
దొరికితే వదులుతాయా,
నీళ్ళేమైనా మనుషులకంటే తక్కువ తిన్నాయా?

స్క్రూడ్రైవరు పిడి చెవికానించి
పైపులన్నీ విన్నాను.
ఒకటోది హోరు, సరే.
రెండోది ఆపి ఉంచిన స్పేరు, మాట్లాడకూడదు.
లోపల ఎవరో గొణుగుతున్నారు.
టార్చి వేస్తే
కరెంటే లేని పంపు
మెల్లగా, నిద్రలో పొర్లుతున్నట్టు,
వెనక్కి
తిరుగుతోంది.

ఒకటోది ఎత్తిందల్లా
రెండోదాంట్లోంచి మళ్ళీ బావిలోకే.
పొద్దుట్నించి ఊరంతా మోసినంత మోసింది
అవే నీళ్ళు, అవే నీళ్ళు.

రెండోదాని వాల్వు బిగించాను, పద్నాలుగు చుట్లు.
చివరి రెండింటికి జోజిబాబు తన బరువు కూడా వేశాడు.
వెదురుగడకి సుద్దగీతలు పెట్టి
హైమ గారు సెకన్లు లెక్కపెడుతున్నారు.
ఒక గీత బయటపడింది.
ఇంకోటి.
"ఆయ్" అన్నాడు జోజిబాబు.
మొత్తం రిపోర్టు ఆ ఒక్క మాటలో ఉంది.

వాల్వు గదిలోకి వెంటనే దిగలేదు.
రెండు మూతలూ తీసి, ఫ్యాను పెట్టి,
గ్యాసు మీటరు తాడుకి కట్టి దింపి
గంట కూర్చున్నాం.
కాంట్రాక్టరు వాచీ చూసుకున్నాడు.
మేం ఏలియాని తలుచుకున్నాం, పైకి అనకుండా.
అయిదు నిమిషాల పనే అన్నాడు వాడు.

బోల్టులు విప్పితే,
నీళ్ళు ముందుకే పోవాలని పెట్టిన నాలుక తలుపు
మూసుకోలేక వేలెడు సందుతో నోరు తెరిచి ఉంది.
సందులో కొబ్బరిపీచు, రొయ్యల వల ముక్క,
రెంటినీ పట్టి కట్టేస్తూ
లేసు దారం.
మా ఊరి లేసే.
సముద్రాలు దాటి ఎవరి బల్లల మీదో పరుచుకునేది.

ఖర్చు: రబ్బరు వాషరు ఒకటి, రెండొందల నలభై.
లాగుబుక్కులో కారణం అన్న గడిలో
దారం అని రాశాను.
కొటేషను ఇంకా జేబులోనే ఉంది.

ముక్కని బ్లీచింగులో నానేసి ఇంటికి తెచ్చాను.
సులోచన ముక్కు చిట్లించింది,
అయినా లైటు కిందికి పట్టుకెళ్ళి
కొక్కేనికి అలవాటైన వేలితో వరసలు లెక్కపెట్టింది.
"అయిదో వరసలో ఒక కన్ను వదిలేసింది,
చూసుకోకుండా తొమ్మిది దాకా అల్లింది.
పువ్వు ముడుచుకుపోయిందని
విసుగొచ్చి పారేసుంటుంది, పిచ్చిది.
పారెయ్యక్కర్లేదు.
అయిదు దాకా విప్పితే చాలు."